జనరేటరునకు కప్పు కావలెను, గోడలు వలదు

తుపానుల కాలము మరల సమీపించుచున్నది. నవంబరు మొదలు మే నడిమివరకు మన మారిషస్ ద్వీపమున ఏ దినమున రేడియోలో హెచ్చరిక వినవలసివచ్చునో యెవరును చెప్పజాలరు. ఈ సమయమున మన మందిర కార్యవర్గము ముందునకు ఒక ప్రతిపాదన వచ్చియున్నది. మందిరము వెనుకనున్న జనరేటరు ప్రతి వర్షమునకును తడియుచున్నది గనుక దానిని ప్రక్క వరండాలోనికి చేర్చి, మూడు వైపుల సిమెంటు దిమ్మెల గోడ కట్టి, నాలుగవ వైపున తలుపు పెట్టి తాళము వేయవలెనని కొందరు సోదరులు కోరుచున్నారు. వారి యుద్దేశము మంచిదే. ఆ యంత్రము ఇంటింటి చందాలతో కొన్నది. తడిసి చెడిపోయినచో మరల కొనుట తేలిక కాదు. అయినను ఈ ప్రతిపాదనను మేము అంగీకరింపజాలకున్నాము. కారణములను పాఠక మహాశయులకు విన్నవించుకొనుచున్నాము.

మేము పెద్ద చదువులు చదివినవారము కాము. మా ముత్తాతలు కోరంగి ప్రాంతమునుండి ఓడ యెక్కి చెరకుతోటలకు వచ్చిన ఒప్పందపు కూలీలు. మేము ప్రాథమిక పాఠశాలతో బడి చాలించి, పూజావిధులను పెద్దలయొద్ద కూర్చుండి నేర్చుకొన్నవారము. విద్యుత్తును గూర్చి మాకు తెలిసినది స్వల్పము. కాని నిప్పును గూర్చియు పొగను గూర్చియు కొంత తెలియును. హోమము చేయువాడు సమిధలు పేర్చుటకు ముందు గాలి యెటు వీచుచున్నదో, పొగ యెటు పోవునో చూచుకొనును. ఆ మాత్రపు విచారణ జనరేటరు విషయమునను చేయుదమనియే మా మనవి.

మొదట మా తప్పును మేమే చెప్పుకొనవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక తుపాను దాటిపోయిన మరునాటి సాయంకాలము ఒక గ్రామ మందిరములో రామభజన జరుగుచుండెను. ఆ ఊరి పేరుతో పనిలేదు. విద్యుత్తు లేదు. గాలి తగ్గినను వాన కుండపోతగా కురియుచుండెను. యంత్రము తడియుచున్నదని నలుగురు యువకులు దానిని మోసికొనివచ్చి వరండాలో వంటగది తలుపు ప్రక్కన పెట్టిరి. జల్లు కొట్టుచున్నదని వరండాకు రెండు వైపుల టార్పాలిను పట్టా కట్టితిమి. కట్టితిమి అనియే వ్రాయుచున్నాము. ఆ త్రాడు పట్టుకొన్నవారిలో మేమును ఉంటిమి. దీపములు వెలిగినవి, లౌడుస్పీకరు మ్రోగినది, అందరికిని సంతోషము కలిగినది.

అరగంట గడచునప్పటికి తాళములు వాయించుచున్న ఒక బాలుడు తల నొచ్చుచున్నదనెను. వంటగదిలో పులిహోర కలుపుచున్న అమ్మలలో ఒకరు ఉన్నచోటనే కూలబడిరి. ఉపవాసముచేత నీరసమని యొకరు, అగరుబత్తుల పొగ యెక్కువైనదని మరియొకరు అనిరి. ఇంతలో ఒక చిన్నపిల్ల వాంతి చేసికొనెను. జ్వరము లేదు, దగ్గు లేదు, ఒకేసారి ముగ్గురకు తలతిప్పుట యేమి? ఆ ఆలోచన మాకెవరికిని తట్టలేదు. ఆసుపత్రిలో నర్సుగా పనిచేయు ఒక సోదరి అప్పుడే లోనికి వచ్చి, వరండావైపు చూచి, «అన్నా, ముందు ఆ యంత్రము ఆపండి! అందరూ బయటికి రండి, తడిస్తే తడవండి!» అని కేకవేసెను. పిల్లలను ఎత్తుకొని వానలోనికి పోయితిమి. ముగ్గురను ఆసుపత్రికి చేర్చిరి, ప్రాణవాయువు పట్టించిరి. దైవకృపవలన అందరును కోలుకొనిరి. వాన తగులకుండ యంత్రమును కాపాడినవారము మనుష్యులను వానలో నిలబెట్టి కాపాడుకొనవలసివచ్చెను.

ఆ పొగలోనిది కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు. దానికి రంగు లేదు, వాసన లేదు. పెట్రోలు వాసన, నూనె కాలిన వాసన మనకు తెలియును. కాని ఆ వాసన లేదుగదా యని నిశ్చింతగా నుండరాదు. వాసన లేనిచోటను ఈ వాయువు ఉండవచ్చును. మన రక్తములో ప్రాణవాయువును మోయు హీమోగ్లోబిను అను పదార్థమును ఇది ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. పట్టుకొన్నదానిని తొందరగా విడువదు. తలనొప్పి, తలతిప్పుట, వికారము, నీరసము దీని గురుతులు. మెలకువగా నున్నవాడు ఈ గురుతులను గమనించి బయటికి రావచ్చును. నిద్రించువానికి ఆ అవకాశము లేదు. తుపాను రాత్రులలో మన మందిరముల చాపలమీద ముసలివారును పసిపిల్లలును నిద్రింతురను సంగతి మరువరాదు.

చిన్న యంత్రమునుండి యెంత పొగ వచ్చునని కొందరు నవ్వుదురు. అమెరికా ప్రభుత్వమువారి వినియోగవస్తు భద్రతా సంఘము చెప్పునదేమనగా, చేతితో తరలించదగిన ఒక జనరేటరు వెలువరించు ఈ వాయువు వందల మోటారుకార్లనుండి వచ్చుదానితో సమానము. యంత్రమును ఇంటికి కనీసము 20 అడుగుల దూరమున, అనగా సుమారు 6 మీటర్ల దూరమున, పొగగొట్టము ఇంటికి వ్యతిరేక దిశకు తిరిగియుండునట్లు పెట్టవలెనని ఆ సంఘమే సలహా చెప్పుచున్నది. 2020 ఆగస్టులో అమెరికాలోని లూసియానా రాష్ట్రమును లారా అను తుపాను కొట్టెను. ఆ రాష్ట్రములో సముద్రపు పొంగువలన మరణించినవారికంటె, తుపాను వెళ్ళిన తరువాత విద్యుత్తు లేని దినములలో జనరేటరు పొగవలన మరణించినవారే యెక్కువ. ఒక యింట యంత్రము మోటారుకారు గదిలో నడచుచుండగా ఒకే కుటుంబములోని పలువురు ప్రాణములు కోలుపోయిరి. గాలిని తప్పించుకొన్నవారు, నీటిని తప్పించుకొన్నవారు, దీపము కొరకు పెట్టుకొన్న యంత్రమువలన పోయిరి.

మన పెద్దల కాలమున ఈ ప్రమాదము లేదు. జనరేటరులు లేకపోవుట ఒక కారణము. ఇండ్లు వేరుగా నుండుట రెండవ కారణము. 1960 జనవరిలో అలిక్స్, ఆ ఫిబ్రవరి చివర కరోల్ తుపానులు వచ్చినప్పుడు మనవారిలో అనేకులు గడ్డికప్పుల యిండ్లలోను రేకుల యిండ్లలోను ఉండిరి. కరోల్ నాడు గంటకు 256 కిలోమీటర్ల వేగముగల గాలి వీచెను. ఆ యిండ్లు నిలువలేదు. ఆ తరువాతనే మన ద్వీపమున సిమెంటు ఇండ్లు విరివిగా లేచినవి. 1975 ఫిబ్రవరిలో జెర్వేజ్ వచ్చునప్పటికి సిమెంటు యింటి విలువ అందరికిని తెలిసెను. మన మందిరములును అట్లే బలపడినవి. ఇది మన అదృష్టము. కాని గడ్డికప్పులో పొయ్యి వెలిగించినచో పొగ కప్పు సందులనుండి పోయెడిది. సిమెంటు గోడలు, బిగించిన తలుపులు గల యింట అది పోవుటకు దారి యెక్కడిది? గాలిని లోనికి రానీయని గోడ పొగను బయటికిని పోనీయదు. మనకు రక్షణయైన గోడనే యంత్రము చుట్టును కట్టి, దానిని మనుష్యులున్న గదికి ఆనించుట యెంత సాహసమో సోదరులు యోచింతురుగాక.

కిటికీ తెరచియుంచినచో చాలదా యని ప్రశ్నించిరి. చాలదు. తలుపులు తెరచినను, పంకా త్రిప్పినను, ఇంటిలోపల ఈ వాయువు ప్రాణాంతకమగునంత చేరగలదు. యంత్రము ఆపిన తరువాతను అది గదిలో కొన్ని గంటలు నిలిచియుండవచ్చును. పైగా కిటికీ ప్రక్కన బయట పెట్టిన యంత్రము కూడ మంచిది కాదు. పొగ ఆ కిటికీగుండనే లోనికి వచ్చును. దూరమే మందు.

వర్షమును గూర్చి మేము నిర్లక్ష్యముగ మాటాడుచున్నామని యెవరును అనుకొనవలదు. తడిసిన జనరేటరు కూడ చంపగలదు. 230 వోల్టుల విద్యుత్తు నీటి తెరలోనుండి చేతికి తగులుటకు ఎంతో కాలము పట్టదు. తడిచేతులతో ప్లగ్గు పెట్టుట, నీట నిలువబడి స్విచ్చు వేయుట, నేలపై ప్రవహించు నీటిలో వైరు అతుకు మునుగనిచ్చుట, ఇవన్నియు మనవారు చేయుచుండగా చూచితిమి. కాబట్టి వాననుండి కాపాడుట తప్పనిసరియే. ఎట్లు కాపాడవలెననునదే ప్రశ్న.

నడచుచున్న యంత్రముపై పట్టా కప్పుట కొందరు చేయు పని. ఇది అన్నిటికంటె చెడ్డది. ఆ యంత్రము గాలిచేత చల్లబడునది. పట్టా కప్పినచో గాలి యాడక వేడెక్కును. పొగగొట్టము ఎర్రగా కాలు ఇనుమువంటిది; దానికి పట్టా తగిలినచో కరగి అంటుకొనును. ప్రక్కనే పెట్రోలు తొట్టి యున్నది. మనము ఎసాన్సు అని వాడుకగా పిలుచు ఆ పెట్రోలు ఆవిరికే మండును. ఇంతకంటె చెప్పనవసరము లేదు.

మేము కోరునది నాలుగు స్తంభములు, ఒక కప్పు. గోడ ఒక్కటియు వలదు. మందిరమునకు వెనుకభాగమున, పూలతోట చివర, ఏ తలుపునకును ఏ కిటికీకిని 6 మీటర్లకు తక్కువ కాకుండ స్థలమున్నది. మేము అడుగులతో కొలిచి చూచితిమి. అచ్చట సిమెంటు అరుగు వేయవలెను. 2024 జనవరి 15న, సరిగా సంక్రాంతి పండుగనాడే, బెలాల్ తుపాను వచ్చి పోర్ట్ లూయిస్ వీధులను వరదగా మార్చిన సంగతి అందరును ఎరుగుదురు. నీరు చేరినచోట కప్పు ఉండియు ప్రయోజనము లేదు. కనుక అరుగు నేలకంటె ఒక అడుగు ఎత్తున ఉండవలెను. మన స్థలమున నీరు నిలుచు గురుతు దానికి మించినచో ఇంకను ఎత్తు. నాలుగు మూలల తుప్పుపట్టని ఇనుపగొట్టములు సిమెంటులో పాతి, పైన వాలుగా రేకు వేయవలెను. చూరు యంత్రమునకు అన్ని వైపుల రెండు మూడు అడుగులు బయటికి చాచియుండవలెను. కప్పు మనిషి తలకంటె ఎత్తుగా నున్నచో వేడియు పొగయు నిలువవు. రేకును మేకులతో కాక బోల్టులతో బిగింపవలెను. గాలివాన హెచ్చరిక వచ్చినప్పుడు విప్పి లోపల పెట్టుకొనవచ్చును. ఎగిరిపోవు రేకు కత్తివంటిదని కరోల్ చూచిన పెద్దలు చెప్పగా వినియున్నాము.

ఇచ్చట ఒక సంగతి స్పష్టముగా చెప్పవలెను. తుపాను గాలి వీచుచుండగా ఈ కప్పు పనికిరాదు. తుపాను వాన పైనుండి పడదు, ప్రక్కనుండి కొట్టును. మూడవ తరగతి, నాలుగవ తరగతి హెచ్చరికలున్న గంటలలో జనరేటరును నడుపరాదు. యంత్రము చల్లగా, పెట్రోలు కుళాయి కట్టివేయబడి, సామానుల గదిలో ఉండవలెను. ఆ కొన్ని గంటలు బ్యాటరీదీపములతో గడపవలెను. యంత్రము అవసరమగునది తుపాను దాటిన తరువాతి రెండు మూడు దినములలోనే. అప్పుడు వాన మామూలు వానయే. ఆ వానకు నాలుగు స్తంభముల కప్పు చాలును. అంతకంటె ఎక్కువ జల్లు కొట్టినచో యంత్రము ఆపివేయుటయే మార్గము. ఆ సమయమున దేవునికి చీకటియగునని బాధపడు సోదరులకు పురోహితులముగా మేము చెప్పుచున్నాము, గర్భాలయములో నువ్వులనూనె దీపమొక్కటి వెలుగుచున్నచో పూజకు లోపమేమియు లేదు. మన ముత్తాతలు తోటలలో, రాత్రి భజనలలో, అంతకంటె వెలుగును చూడలేదు.

దొంగల భయము మాటయు వచ్చినది. గోడకు తాళమున్నచో యంత్రము భద్రమనిరి. నిజమే. దొంగకు అరుగులో ఒక ఇనుపకడియము పాతి, గొలుసు వేసి, తాళము పెట్టుదము. పని లేని దినములలో చక్రములపై నడిపించి సామానుల గదికి చేర్చుదము. భజనకు చప్పుడు అడ్డుపడుచున్నదని కోరు గోడకు మాత్రము మాయొద్ద వేరు జవాబు లేదు. చప్పుడు ఉండును. మృదంగమును కొంచెము గట్టిగా వాయింపుడు.

దూరముగా పెట్టినచో వైరు పొడవు కావలెను, ఖర్చు అగునని కోశాధికారిగారి సందేహము. బయట వాడుటకు తగిన లావైన వైరు ఒక్కటి కొనుట మేలు. సన్నని వైరు బరువునకు వేడెక్కును. దానిని చుట్టగా వదలక పూర్తిగా విప్పి పరువవలెను. అతుకులు నేలమీద ఉండరాదు. విద్యుత్తు దారితప్పి మనిషిలోనికి పోయినచో క్షణములో ప్రవాహమును ఆపు రక్షణ స్విచ్చు ఒకటి తప్పక ఉండవలెను. వీటితోపాటు మందిరములోను, పిల్లలు పడుకొను హాలులోను కార్బన్ మోనాక్సైడును పసిగట్టి మ్రోగు చిన్న గంటలు బ్యాటరీతో పనిచేయునవి పెట్టవలెనని మా కోరిక. జనరేటరు వెలలో అది ఏపాటి?

ఇక అన్నిటికంటె గొప్ప అపచారము ఒకటి మన యిండ్లలో జరుగుచున్నది. జనరేటరునుండి వచ్చు వైరును గోడలోని ప్లగ్గులో గ్రుచ్చి యిల్లంతయు వెలిగించుట. ఆ విద్యుత్తు యింటిలో ఆగదు. మీటరు దాటి వీధి తీగలకు ఎక్కును. వీధిలోని ట్రాన్స్‌ఫార్మరు గుండ వెనుకకు పోవునప్పుడు అది వేల వోల్టులగును. అచ్చట తీగలు చచ్చియున్నవని నమ్మి, వానలో స్తంభమెక్కి మనకొరకే పని చేయుచున్న కార్మికుడు దానిని పట్టుకొనును. అతడును ఒకరి బిడ్డయే, ఒకరి తండ్రియే. మందిరములో గాని యింటిలో గాని ఇట్లు చేయువారిని మేము స్నేహముతోనే కాని గట్టిగానే వారింతుము. ఇల్లంతయు వెలుగవలెనన్నచో అనుమతిగల విద్యుత్ పనివానిచేత మార్పిడి స్విచ్చు పెట్టించుకొనవలెను. లేనిచో వలసిన వస్తువును నేరుగా యంత్రమునకే తగిలింపవలెను.

వలసిన వస్తువు ఏది? ఇది కార్యవర్గము ముందుగా తేల్చుకొనవలసిన ప్రశ్న. మా అభిప్రాయము చెప్పెదము. మన ఊరిలో చక్కెరవ్యాధికి ఇన్సులిను తీసికొనువారు తక్కువవారు కారు. విద్యుత్తు లేనిచో వారి మందు వేడికి పాడుకావచ్చును. మందిరపు శీతల పెట్టెలో వారి మందులకు మొదటి చోటు. తరువాత త్రాగునీటి పంపు, తరువాత హాలులో ఒకటి రెండు దీపములు, టెలిఫోనులకు శక్తి. లౌడుస్పీకరు చివర. యువకులకు ఇది రుచింపదని మాకు తెలియును. అయినను శీతల పెట్టెకు యంత్రము రోజంతయు నడువనవసరము లేదు. మూత తెరువకుండిన నడుమ నడుమ కొన్ని గంటలు నడిపిన చాలును. ఆ వేళలను వాన తెరపి యిచ్చు సమయమునకు సరిపెట్టుకొనవచ్చును. పెట్రోలు పోయుటకు ముందు యంత్రమును ఆపి చల్లారనీయవలెను. వేడి యంత్రముపై ఒక్క చుక్క చిందినను మంటయే. పెట్రోలు డబ్బా మందిరములో, దీపమున్నచోట, ఎన్నడును పెట్టరాదు.

పని పెద్దది కాదు. ఇద్దరు మేస్త్రీలు, నలుగురు యువకులు రెండు శనివారములలో అరుగును స్తంభములను ముగింపగలరు. వరండా గోడలకు అనుకొన్న దిమ్మెలలో కొన్ని అరుగునకే సరిపోవును. మేము వేసిన కొలతల కాగితము కార్యదర్శిగారియొద్ద నున్నది. తప్పులున్నచో మేస్త్రీ పని తెలిసిన సోదరులు దిద్దగోరుచున్నాము. నవంబరు మొదటి వారమునకు ముందు జరుగు సభలో ఈ విషయము రానున్నది. అమ్మలు తప్పక రావలెను. ఆనాడు వంటగది తలుపు ప్రక్కన కూలబడినవారు వారే.